ఎండకూ వానకూ చలికీ ఒకే బండి: 28 అంగుళాల నల్ల సైకిలుపై సమీక్ష

ఇది ఏ ఒక్క కంపెనీ సైకిలు మీదా రాస్తున్న సమీక్ష కాదు. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, చైనును పూర్తిగా మూసే కవరు, వెనుక రెండు కాళ్ల స్టాండు, బరువైన ఇనుప క్యారియరు కలిగి, గేర్లు లేకుండా వచ్చే నల్ల సైకిలు మన దేశంలో ఇప్పటికీ తయారవుతోంది. పేర్లూ స్టిక్కర్లూ వేరైనా బండి దాదాపు ఒకటే. పాల క్యాన్లు మోసేవారూ, గ్యాసు సిలిండర్లు కట్టుకుపోయేవారూ, వయసు మళ్లిన రైతులూ తప్ప దీన్ని ఇప్పుడెవరు కొంటారని దుకాణదారులే అడుగుతున్నారు. మహారాష్ట్రలోని బల్లార్షాలో కాపురముండి, రాజురాలోని ఆఫీసుకు దీని మీదే వెళ్లివచ్చే ఉద్యోగిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. చంద్రపూర్ జిల్లాలో ఏడాది పొడవునా నడపడానికి ఇంతకంటే తగిన సైకిలు ఈ ధరలో లేదు. దాని బ్రేకు మాత్రం వానాకాలానికి చాలదు. ఈ రెండో మాటను వదిలేసి మొదటి మాటను మాత్రమే పట్టుకుని ఎవరూ కొనవద్దు.

దారి గురించి కొంత చెప్పకపోతే బండి గుణదోషాలు అర్థం కావు. బల్లార్షా, అంటే ప్రభుత్వ కాగితాలలోని బల్లార్‌పూర్, నుండి బామ్నీ మీదుగా దక్షిణానికి సుమారు 10 కిలోమీటర్లు పోతే రాజురా వస్తుంది. మధ్యలో వర్ధా నది వంతెన ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే దాకా రాజురా ప్రాంతం ఆదిలాబాదు జిల్లాలో భాగం కనుక అప్పట్లో ఆ నదే రెండు రాష్ట్రాలకు హద్దు. ఇప్పటికీ రెండు గట్ల మీదా కిరాణా కొట్లో, సైకిలు షాపులో, కూరగాయల బండి దగ్గర తెలుగు చెల్లుతుంది. నదికి అవతల సాస్తి బొగ్గు గనులు ఉన్నందున దారిలో లారీలకు కొదవ లేదు, రోడ్డు అంచు దిగితే నల్లరేగడి. వంతెన దగ్గరి ఏటవాలు తప్ప ఎత్తుపల్లాలు చెప్పుకోదగ్గవి లేవు. కొండలు లేని చోట గేర్లు ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం గాలి చెబుతుంది.

నా బండికి ముందు పళ్లచక్రంలో 44, వెనుక ఫ్రీవీలులో 18 పళ్లు ఉన్నాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు సాగుతుంది. చదును నేల మీద, గాలి లేనప్పుడు ఇది హాయైన లెక్క. అయితే జూన్ నుండి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి ఉదయం రాజురాకు పోయేవారికి ఏటవాలుగా ఎదురొచ్చి, సాయంత్రం ఇంటికి మళ్లేటప్పుడు వెనుక నుండి తోస్తుంది. చలికాలంలో ఉత్తరపు గాలి ఈ వరుసను తిరగేస్తుంది. ఆఫీసు వేళకు అందుకోవలసిన ఉదయమే ఎదురుగాలి తగలడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక, మృగశిర కార్తె రాకముందే 20 పళ్ల ఫ్రీవీలు వేయించుకోవడం మంచిది. ఒక చుట్టుకు అర మీటరు దూరం తగ్గుతుంది, దానికి బదులుగా మోకాళ్ల మీది భారం తెలిసేంతగా తగ్గుతుంది. వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకునే చీలిక ఈ బండికి పొడవుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు చైనును కదిలించే అవసరం కూడా రాదు. సైకిలు షాపులో ఇది టీ తాగి వచ్చేలోపు అయిపోయే పని.

బరువు మాత్రం బరువే. తొడుగులన్నీ కలిపి 20 కిలోలకు తగ్గదు, మేడ మీద ఇల్లున్నవారు కొనేముందు ఒకసారి ఎత్తి చూసుకోవాలి. ఆ బరువుకు ప్రతిఫలంగా దొరికేది కుదుపులేని ప్రయాణం. ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, చక్రం పెద్దది. చిన్న గుంతలో చక్రం దిగబడక మీది నుండి దొర్లిపోతుంది. లారీలు చీల్చిన తారు మీద ఈ తేడా వెన్నుకు తెలుస్తుంది. నిటారుగా కూర్చుని నడపడం వల్ల గాలికి ఎక్కువ అడ్డం పడతామన్నది నిజమే, కానీ వెనుక నుండి వచ్చే లారీని మెడ తిప్పి చూడటం అంత సులభంగా ఏ వంగుడు హ్యాండిలు సైకిలు మీదా కుదరదు.

ఎండాకాలం సంగతి. ఈ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు అంటే, అవే రోజులను విదర్భవాసులు నౌతపా అని లెక్కపెట్టుకుంటారు. మే 25 నుండి తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో సైకిలు తొక్కేవాడి కష్టం సరే, సైకిలు కష్టం వేరేగా ఉంటుంది. మొదట దెబ్బతినేది గాలి నిలిపే వాల్వు. ఈ తరహా ట్యూబులకు ఇత్తడి కాడ మీద సన్నని రబ్బరు గొట్టం తొడిగిన పాత పద్ధతి వాల్వే వస్తుంది. ఆ రబ్బరు ఎండకు పెళుసెక్కి, నిలువునా సన్నని చీలిక తీసి, బండి నిలబడి ఉండగానే గాలి దిగిపోతుంది. పంక్చరు అనుకుని షాపుకు తోసుకుపోయేవారు చాలామంది ఉంటారు. ఉమ్మి తడి పెట్టి బుడగ వస్తుందేమో చూస్తే వాల్వు దోషం అక్కడికక్కడే తేలిపోతుంది. గొట్టం ముక్క రూపాయల్లో పని. రెండు ముక్కలు సీటు కింది సంచిలో ఉంచుకుంటే చాలు.

ఎండకు ట్యూబు పేలుతుందని గాలి తక్కువ కొట్టించుకోవడం మా ఊళ్లో అలవాటు. ఇది తప్పు లెక్క. ఉదయం 30 డిగ్రీల దగ్గర నింపిన గాలి మధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరినా లోపలి పీడనం పదో వంతు మాత్రమే పెరుగుతుంది. ఆ పెరుగుదలకు ఆరోగ్యంగా ఉన్న టైరు ఏమీ కాదు. పేలేది పక్కగోడలు బీటలు వారి లోపలి నూలు బయటపడిన టైరు, లేదా ఎండకు సొల్యూషన్ మెత్తబడి ప్యాచ్ జారిన ట్యూబు. గాలి తక్కువ ఉంటే జరిగేది మరొకటి: గుంత అంచున రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి. కనుక వేసవిలో గాలి మామూలుగానే ఉంచి, టైరు వయసు చూసుకోవాలి, బండిని నీడన నిలపాలి. వేప చెట్టు కింద జాగా కోసం ఆఫీసుకు పావుగంట ముందు చేరడం ఈ ఊళ్లో తెలివైన పనే.

రెక్సిన్ సీటు, ప్లాస్టిక్ గ్రిప్పులు ఈ బండికి ఇచ్చిన వస్తువులలో అతి నాసిరకమైనవి. గ్రిప్పు ఎండకు జిగురెక్కి అరచేతికి నల్లగా అంటుకుంటుంది. సీటు మీద తువాలు పరచకుండా కూర్చుంటే కూర్చున్నవాడు వెంటనే లేస్తాడు. మరికొంత డబ్బు పెట్టి స్ప్రింగుల తోలు సీటు వేయించుకోగలిగినవారు వేయించుకోవాలి. అది తొడలకు గాలి ఆడనిస్తుంది, కాకపోతే వానాకాలంలో దానికి ప్లాస్టిక్ సంచి తొడగక తప్పదు. నీళ్ల సీసా పెట్టుకునే చోటు ఈ సైకిలుకు లేదు. అందుకు ఇక్కడి పాత ఉపాయమే మేలు: గుడ్డతో కుట్టిన నీళ్ల సంచి, ఛాగల్, హ్యాండిలుకు వేలాడదీస్తే బండి నడుస్తున్నప్పటి గాలికి గుడ్డ మీది తడి ఆరుతూ లోపలి నీళ్లు చల్లబడతాయి. వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోమని ఇంట్లో చెబుతారు. పెట్టుకుంటాను, నమ్మకం మాత్రం ఛాగల్ మీదనే.

ఇక వానాకాలం. సమీక్షలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి, ఎందుకంటే ఈ బండి గొప్పతనమూ లోపమూ రెండూ వానలోనే బయటపడతాయి.

గొప్పతనం మడ్‌గార్డులలో, చైను కవరులో ఉంది. లారీ హారన్ కొట్టి అంచుకు నెట్టినప్పుడు చక్రం రేగడిలోకి దిగుతుంది. తడిసిన రేగడి ఉబ్బి, జిగటై, టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుంటుంది. రెండు మూడు చుట్లకే టైరు లావు రెట్టింపై, మడ్‌గార్డుకు రాసుకుని, చక్రం పట్టేసినట్టు ఆగిపోతుంది. నా సహోద్యోగి ఒకరి గేర్ల సైకిలుకు ఫోర్కు దగ్గర వేలు పట్టే సందు కూడా లేదు, మట్టి అక్కడే గడ్డకట్టి బండిని భుజాన వేసుకోవలసి వచ్చేది. నల్ల సైకిలుకు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లకు మించిన సందు ఉంటుంది. మట్టి పట్టడం దీనికీ తప్పదు, కానీ ఆలస్యంగా పడుతుంది, పట్టినా పక్కనున్న చేను గట్టున దొరికే పత్తికట్టెతో దూసి తీసేయవచ్చు. మట్టి ముద్ద ఎప్పుడూ ఒకచోటే బిగుస్తుంది: వెనుక మడ్‌గార్డును ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టు లోపలికి పొడుచుకువచ్చే చోట. ఆ బోల్టును తలకిందులుగా, అంటే నున్నని తల లోపలికీ నట్టు బయటికీ వచ్చేలా బిగించుకుంటే మట్టికి పట్టు దొరకదు. ముందు మడ్‌గార్డు చివర పాత ట్యూబు ముక్కను చీల్చి నాలుగు వేళ్ల వెడల్పున కట్టుకుంటే పాంటు మీద చిమ్మే నీళ్లు చాలావరకు ఆగుతాయి.

చైను కవరు విలువ ఈ దారిలో మరీ ఎక్కువ. లారీల నుండి రాలిన బొగ్గు పొడి వాన నీటితో కలిసి రోడ్డంతా నల్లని చిక్కని నీళ్లవుతుంది. ఆ నీళ్లు నూనె పట్టించిన చైను మీద పడితే ప్రతి లంకెలోనూ సానరాయి అరగదీసినట్టు పని చేస్తాయి. కవరు లేని చైను ఒక్క వానాకాలంలో సాగిపోతే, కవరు లోపలి చైనుకు తుప్పు రంగు కూడా రాదు. లోపలున్నది కనపడదు కనుక నూనె వేయడం మరచిపోయే ప్రమాదం ఉంది. కవరు మీది చిన్న రంధ్రం అందుకే ఉంది. పెడలు నెమ్మదిగా వెనక్కు తిప్పుతూ చుక్కలుగా వేయాలి. కవరు రెండు సగాలను కలిపే మరలు మాత్రం నాసిరకం, కుదుపులకు వదులై రాలిపోతాయి, అప్పటి నుండి కవరు ప్రతి పెడలుకూ డబడబమంటుంది. షాపులో అడిగి వాటి కింద స్ప్రింగు వాషర్లు వేయించుకుంటే ఆ మోత ఉండదు.

ఇప్పుడు బ్రేకు. హ్యాండిలు కింది లీవరును నొక్కితే కడ్డీ పైకి లేచి, చక్రానికి రెండు వైపులా ఉన్న రబ్బరు దిమ్మలను రిమ్ము లోపలి ముఖానికి ఆనిస్తుంది. తీగ బ్రేకుల మాదిరి గొట్టంలో నీళ్లు చేరి తుప్పుతో బిగుసుకుపోయే బాధ దీనికి లేదు. దిమ్మలు రిమ్ము పక్కలను కాక లోపలి ముఖాన్ని పట్టుకుంటాయి కనుక చక్రం కాస్త వంకర తిరిగినా బ్రేకు రాసుకోదు. పొడి రోజుల్లో ఇది నమ్మదగిన ఏర్పాటు. కానీ రిమ్ము క్రోమియం పూసిన ఉక్కు. దాని మీద నీటి పొర ఉండగా రబ్బరు ఆనితే పట్టు అనేదే ఉండదు, జారుతుంది. పొడి నేల మీద ఆగే దూరానికి రెండింతలు పోయినా బండి ఆగదు. క్యారియరు మీద సంచి, ముందు లారీ, కింద బొగ్గు బురద ఉన్నప్పుడు ఈ మాటకు అర్థం ఏమిటో ఊహించుకోవచ్చు. బల్లార్షా స్టేషన్ వైపు సైకిలు షాపు నడిపే కాగజ్‌నగర్ పెద్దాయన ఒకరు దీనికి చెప్పిన పద్ధతి అన్నిటికంటే పనికొచ్చింది: "సారూ, వానల ఈ బ్రేకు ఒక్కతాపకు పట్టదు. ముందుగాల ఒట్టిగ రబ్బరు ఆనిచ్చుకుంట పోవాలె, రిమ్ము మీది నీళ్లు తుడుచుకపోతయి. గప్పుడు గట్టిగ పట్టాలె." అంటే ఆగవలసిన చోటుకు చాలా ముందు నుండే లీవరును తేలికగా నొక్కి ఉంచాలి, రెండు మూడు చుట్లలో రిమ్ము ఆరాక అసలు బ్రేకు దొరుకుతుంది. కంపెనీ వేసి పంపే గట్టి రబ్బరు దిమ్మలను మొదటి వానకు ముందే తీయించి మెత్తవి వేయించాలి. అవి త్వరగా అరుగుతాయి, అరగనివ్వాలి. ఇంత చేసినా డిస్కు బ్రేకుకు సాటి రాదు. జోరు వానలో వంతెన దిగుడు మీద దిగి నడిపించుకుపోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

వంతెన విషయానికి వస్తే, వర్ధాకు వరద వచ్చినప్పుడు ఏ సైకిలూ పనికిరాదు. 2022 జులైలో వచ్చిన పెద్ద వరదలలో ఈ దారి మూతపడింది; పెద్ద వానలున్న ఏ ఏడాదైనా అలా జరగవచ్చు. నీళ్లు రోడ్డు మీద పారుతున్నప్పుడు లోతు తెలియకుండా దిగడం ప్రాణాలతో ఆట కనుక ఆ రోజు సెలవు పెట్టడమే పద్ధతి. ఊళ్లో వీధులలో మోకాలి లోతు నీళ్లు దాటి వస్తే మాత్రం ఒక పని తప్పదు. చక్రాల ఇరుసులూ పెడళ్ల ఇరుసూ నీటిలో మునిగితే లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది, గోళీలు వారం పది రోజుల్లో తుప్పెక్కి గరగర శబ్దం మొదలవుతుంది. శబ్దం వచ్చే దాకా ఆగితే గోళీలతో పాటు అవి దొర్లే కోన్లు కూడా గుంతలు పడి ఉంటాయి. ఆ వారంలోనే మూడు చోట్లా విప్పించి, కిరోసిన్‌తో కడిగించి, కొత్త గ్రీజు పెట్టించాలి. ఈ సైకిలులో ప్రతి గోళీనీ విప్పి చూడవచ్చు. సీలు వేసి మూసేసిన భాగమంటూ ఏదీ లేదు. బాగుచేయించుకోవడంలో దీనికున్న సౌలభ్యం అదే.

చలికాలం గురించి చెప్పుకోవలసింది తక్కువ, ఎందుకంటే నడపడానికి అదే హాయైన కాలం. దసరా దాటాక రోడ్డు ఆరుతుంది, బ్రేకు మళ్లీ మనిషి మాట వింటుంది, పత్తి తీతలు మొదలై బండ్లూ లారీలూ దూది రేకులు రాలుస్తూ రాజురా మార్కెట్టుకు పోతుంటాయి. చేల అంచులలో నరికిన తుమ్మ కొమ్మల ముళ్లు మాత్రం రోడ్డు మీదికి చేరతాయి. పంక్చర్లు ఎక్కువగా పడేది వానలో కాదు, ఈ నెలల్లోనే. డిసెంబరు, జనవరి ఉదయాలలో నది పక్కన మంచు దట్టంగా పడుతుంది, వెలుతురు లేకుండా బయలుదేరడం బొగ్గు లారీల దారిలో తగని పని. ఈ సైకిలుకు సంప్రదాయంగా వచ్చే సీసా ఆకారపు డైనమో 6 వోల్టులది. దాని చక్రం టైరు పక్కను రాసుకుంటూ తిరుగుతుంది కనుక పెడలు బరువెక్కుతుంది, టైరు తడిగా ఉంటే జారి దీపం మిణుకుమిణుకుమంటుంది, బండి ఆగితే ఆరిపోతుంది. రైల్వే గేటు దగ్గర ఆగినవాడే వెనుక లారీకి కనిపించాలి, అక్కడే దీపం ఉండదు. డైనమో మీద డబ్బు పెట్టకుండా చార్జింగు ఎల్‌ఈడీ దీపాలు ముందొకటి, వెనుకొకటి కొనడమే సరైనది; వెనుక మడ్‌గార్డు మీది తెల్లపట్టీకి కింద ఎర్రని మెరుపు పట్టీ కూడా అంటించాలి.

బెల్లు గురించి ఒక మాట, అది కూడా చలికాలపు చీకటికి సంబంధించినదే. రాజురా అడవిలో మనుషులను చంపిన పులిని అటవీశాఖ 2020 అక్టోబరులో బంధించింది. అది పట్టుబడినా అడవిలో పులులు లేకుండా పోలేదు, సైకిలు చప్పుడు చేయని వాహనం. చీకటి వేళ అడవి అంచున ఉన్న పల్లెల వైపు పోవలసి వచ్చేవారు ఆగి ఆగి బెల్లు కొడుతూ పోతారు. అందుకు ఈ బండితో వచ్చే పెద్ద ఇత్తడి గిన్నె బెల్లు, ఇప్పటి బుల్లి ప్లాస్టిక్ బెల్లు కంటే ఎంతో నయం. నా వరకు, చీకటి పడ్డాక ఆ వైపు పని పెట్టుకోను.

గేర్ల సైకిలుతో పోలిక అడుగుతారు కనుక చెబుతాను. వానలో బ్రేకు విషయంలో డిస్కు ఉన్న సైకిలుదే పైచేయి, అందులో వాదం లేదు. మిగతా అన్నిటిలో ఈ దారికి అది చాలదు. మడ్‌గార్డు, క్యారియరు, చైను కవరు, స్టాండు వేరుగా కొనాలి, కొన్నా సరిగ్గా కుదరవు. గేరు మార్చే యంత్రంలో రేగడీ బొగ్గూ చేరితే పళ్లు జారుతాయి, దాన్ని సరిచేసే చెయ్యి బల్లార్షాలో వెతుక్కోవాలి. నల్ల సైకిలు భాగాలు మాత్రం ఏ పల్లె సంతలోనైనా దొరుకుతాయి, ఒక కంపెనీవి మరో కంపెనీ బండికి పడతాయి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, మూతపడినప్పుడు దాని పాత బండ్లు నడిపేవారికి పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను కోసమో కోను కోసమో దిగులు పడవలసిన అవసరం రాలేదు. ఆ కొలతలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి.

తయారీ నాణ్యత తగ్గిందన్న ఫిర్యాదు మాత్రం సబబైనదే. నేను కొన్న బండి పేరు చెప్పను, కానీ దాని మడ్‌గార్డు రేకు గోటితో నొక్కితే వంగేంత పలచన, పెడలు గోళీలలో గ్రీజు పేరుకు మాత్రమే ఉంది, క్యారియరు అతుకు దగ్గర రంగు కింద తుప్పు అప్పటికే మొదలైంది. పాత బండ్లలో పుల్లలు ముందు 32, వెనుక 40 ఉండేవి. ఆ లెక్క ఇప్పుడూ ఉంది, పుల్లల లావులోనే తేడా వచ్చింది. బరువు మోసేవారు వెనుక చక్రానికి లావు పుల్లలు కట్టించుకోవడం అందుకే. ఫ్రేము మాత్రం ఇప్పటికీ గట్టిదే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ధర తొడుగులన్నీ కలిపి నాకు 7 వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ పడింది. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుండి 5 శాతానికి తగ్గింది కనుక ఇప్పుడు కొనేవారు బిల్లులో ఆ తేడా కనిపిస్తున్నదో లేదో చూసుకోవాలి. సీటు, స్టాండు, క్యారియరు, బెల్లు, తాళం ధరలో కలిసి ఉన్నాయా, విడిగా లెక్క కడతారా అన్నది ముందే తేల్చుకోవాలి. బేరం జరిగేది అక్కడే.

సైకిలు దుకాణానికి పెట్టెలో విడిభాగాలుగా వస్తుంది, కూర్చేది దుకాణంలోని మెకానిక్కే. అందువల్ల ఒకే కంపెనీ బండ్లు రెండు దుకాణాల నుండి రెండు రకాలుగా నడుస్తాయి. సీజను మధ్యలో, పండుగ రద్దీలో కూర్చిన బండి కంటే తీరిక వేళ కూర్చినది మేలు. ఎదురుగా నిలబడి మూడు పనులు చేయించుకోవాలి: ఇరుసులు విప్పించి గ్రీజు నిండుగా పెట్టించడం, రెండు చక్రాలనూ స్టాండు మీద తిప్పి వంకర తీయించడం, బ్రేకు కడ్డీల కీళ్లలో నూనె వేయించడం. కాటర్ పిన్నులు కొత్తలో ఎంత బిగించినా మొదటి కొన్ని రోజుల తొక్కుడుకు కూర్చుంటాయి, ఆ తరువాత పెడలు కింది నుండి టక్‌మని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దంతోనే తొక్కుతూ పోతే పిన్ను అరిగి పెడలు కడ్డీ (క్రాంకు) కన్నం సాగుతుంది, అప్పుడు క్రాంకే మార్చాలి. మొదటి నెలలో ఒకసారి సుత్తితో తట్టి, నట్టు మళ్లీ బిగిస్తానని దుకాణదారు ఒప్పుకున్నాకే డబ్బు చేతికివ్వాలి.